చేతికర్ర మీద రోటరీ చెక్కడం: ఎక్కడ ఎంత లోతు

(వడ్రంగం అభిరుచిగా నేర్చుకుంటున్నవారి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బల్ల మీద రెండు కర్రలు పెట్టాను, చేతులు మార్చుకుంటూ చూడండి. ఒకదాని మీద పైనుంచి కింద దాకా లతలూ ఆకులూ లోతుగా చెక్కి ఉన్నాయి. రెండోదానికి పిడి మాత్రమే చెక్కి, కాండం చుట్టూ పల్చటి మెలిక ఒకటి వేసి వదిలేశారు. మొదటిది షోకేసులో పెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన చేతికి మాత్రం దాన్ని ఇవ్వకండి.

ఎందుకో లెక్క వేద్దాం. గుండ్రటి కర్ర వంపును తట్టుకునే బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి మారుతుంది. 25 మిల్లీమీటర్ల కర్రని చుట్టూ మిల్లీమీటరున్నర చొప్పున తగ్గిస్తే 22 అవుతుంది. కంటికి తేడా పెద్దగా తెలియదు కానీ బలంలో 32 శాతం పోతుంది. 20కి తెచ్చారంటే దాదాపు సగం పోయినట్టే. రోటరీ మెషిన్, అంటే బర్ అనే చిన్న కోత ములుకుని కొనకి బిగించి వేగంగా తిప్పే మెషిన్, చేతిలో ఉంటే మిల్లీమీటరున్నర తీయడానికి ఎంతసేపు? ఉలి, సుత్తితో పని చేసేవాడికి ప్రతి దెబ్బకూ ఎంత పోయిందో తెలుస్తుంది. ఈ మెషిన్‌తో అది తెలియదు. అందుకే ఈ పూట డిజైన్ల కంటే లోతు గురించే ఎక్కువ మాట్లాడతాను.

కర్ర ఎక్కడ విరుగుతుంది? నేలకు ఆనిన కొన దగ్గర వంపు ఒత్తిడి దాదాపు ఉండదు. పైకి వచ్చేకొద్దీ పెరుగుతూ పిడి కింద మెడ దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే ఎక్కువవుతుంది. మంచి కర్రలు కిందికి సన్నబడుతూ పోయేది అందుకే. మెడ కింద ఐదు సెంటీమీటర్ల మేర బర్ అసలు పెట్టకండి. నునుపు చేసి వదిలేయండి, లేదంటే ఇత్తడి పొన్ను తొడగండి. ఇంకొకటి, కర్ర చుట్టూ అడ్డంగా గాడి తీయకండి. గాడి అడుగు వి ఆకారంలో కోసుగా ఉందంటే పగులు అక్కడినుంచే మొదలవుతుంది. తీయక తప్పకపోతే గుండ్రటి కొన ఉన్న బర్‌తో, గాడి అడుగు గుండ్రంగా వచ్చేలా తీయండి. అడ్డగాడి కంటే ఏటవాలు మెలిక ఎప్పుడూ మేలు. కోత ఒకే అడ్డకోతలో పడకుండా పొడవునా పంచుకుంటుంది.

ఇక కర్ర ఎంపిక. పొడవు ముందు తేల్చుకోండి. వాడే మనిషి రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు వదులుగా వేలాడేస్తే, మణికట్టు ముడత నుంచి నేల దాకా ఉన్న ఎత్తే పిడి పైభాగం ఎత్తు. ఇది కూడా చూడకుండా అందరికీ 90 సెంటీమీటర్లే కోసిపెట్టేస్తారు. పొట్టి మనిషి ఆ కర్రతో నడిస్తే భుజం పైకి లేస్తుంది, నాలుగు రోజులకి మెడ పట్టేస్తుంది.

టేకు మన దగ్గర తేలిగ్గా దొరుకుతుంది, బర్‌కి బాగా లొంగుతుంది. చిక్కల్లా రెండు విషయాల్లో ఉంది. దానిలో సిలికా ఉంటుంది కాబట్టి మామూలు స్టీలు బర్‌లు త్వరగా మొద్దుబారతాయి. పైగా పెళుసు, సన్నటి అంచులు పేడు లేచిపోతాయి. నల్లతుమ్మ గట్టిది, దెబ్బకు తట్టుకుంటుంది, నాగళ్లకీ బండి చక్రాలకీ పనికొచ్చిన చెక్క. కానీ ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది, చెక్కడం కూడా నిదానంగా సాగుతుంది. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, పిడికి చాలా బాగుంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర, కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి బొమ్మకు సరిపోతాయి కానీ మనిషి బరువు మోసే కాండానికి పనికిరావు. అంకుడుతో చిలక తల చెక్కి పిడి ముందుభాగంలో అతికించుకుంటే ముచ్చటగా ఉంటుంది, అంతవరకే.

టింబర్ డిపోలో ముక్క ఎంచుకునేటప్పుడు పొడవునా గ్రెయిన్, అంటే చెక్క నార వరస, తిన్నగా ఉందా లేదా చూడాలి. చూపుకి తెలియకపోతే చిత్రిక పట్టిన ముఖం మీద ఒక చుక్క సిరా వేయండి. అది చెక్క నార వెంట సన్నటి గీతలా పాకుతుంది. ఆ గీత అడుగు పొడవుకి అంగుళం కంటే ఎక్కువ పక్కకు జరిగితే ఆ ముక్క వద్దు. ముడి ఉన్న ముక్క కాండానికి అసలే వద్దు. పచ్చి కర్ర తెస్తే రెండు కొనలకూ పెయింట్ గానీ మైనం గానీ పట్టించి నీడలో ఆరబెట్టండి. వారానికోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిందంటే చెక్క ఆ ఊరి గాలికి తగ్గట్టు ఆరినట్టు.

గుండ్రం చేయడం బర్ పని కాదు. 30 మిల్లీమీటర్ల చదరం ముక్క తీసుకుంటే, ప్రతి ముఖం మీదా రెండు అంచుల నుంచీ 9 మిల్లీమీటర్ల లోపలికి గీతలు గీసి, మూలలు చిత్రిక పట్టి ఎనిమిది పలకలు చేయండి. తర్వాత పదహారు. అప్పుడు ఆకురాయి, ఉప్పుకాగితం. ఈ దశలో బర్ పెడితే కర్రంతా ఎత్తుపల్లాలు వచ్చేస్తాయి, వాటిని సరిచేయబోయి వ్యాసం పోగొట్టుకుంటారు.

మెషిన్ సంగతికి వద్దాం. మూడు రకాలు. చేతిలో పట్టుకునే డ్రెమెల్ లాంటివి. వాటిలో 4000 మోడల్ నిమిషానికి 5,000 నుంచి 35,000 చుట్లు తిరుగుతుంది. రెండోది కంసాలి దుకాణాల్లో కొక్కేనికి వేలాడే హ్యాంగింగ్ మోటారు, ఫోర్డమ్ లాంటిది. వేగం 18,000 దాకానే వెళ్తుంది గానీ లోడు మీద పడితే ఆగిపోదు. కర్ర పనికి నా ఓటు దీనికే. మూడోది డెంటల్ ల్యాబుల్లో వాడే మైక్రోమోటారు. చేతికి తేలిక, కంపనం లేదు, చిన్న చిన్న నగిషీలకు దాన్ని మించింది లేదు. ముతక పనికి పెడితే వేడెక్కి కూర్చుంటుంది.

హ్యాంగింగ్ మోటారు తీసుకుంటే ఫ్లెక్స్ షాఫ్టు, అంటే మోటారు నుంచి చేతి దాకా వచ్చే వంగే గొట్టం, మడత పడకుండా పెద్ద వంపుతో కిందికి దిగేలా మోటారుని ఎత్తుగా తగిలించండి. షాఫ్టు గట్టిగా వంగిందంటే లోపలి తీగ తొడుగుకి రాసుకుని వేడెక్కుతుంది, చేతిలో పిడి కాలుతుంది. సుమారు 50 గంటల పనికోసారి లోపలి తీగ బయటికి తీసి తుడిచి పల్చగా గ్రీజు రాయాలి. ఎక్కువ రాస్తే అది కారి హ్యాండ్‌పీస్‌లోకి, అంటే చేత్తో పట్టుకునే పిడిలోకి, దిగుతుంది.

బర్‌లు కొనేటప్పుడు ముందు కాడ వ్యాసం చూడండి. 2.35, 3.2, 6 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. డెంటల్ సామాన్ల షాపులో హ్యాండ్‌పీస్‌కని దొరికేవి 2.35వి. వాటిని 3.2 కాలెట్‌లో, అంటే బర్ కాడని పట్టి ఉంచే బిగింపులో, పెట్టి బిగించేద్దాం అనుకోవద్దు. బర్ మధ్యలో కూర్చోదు, ఊగుతూ తిరుగుతుంది, కాడ వంగుతుంది. సరైన కాలెట్‌లో కాడ పూర్తిగా లోపలికి తోసి, ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించండి. కొత్త బర్ ఏదైనా మొదట తక్కువ వేగంతో గాల్లో తిప్పి, ముఖానికి దూరంగా పెట్టి చూడండి. కొన రెండుగా మసకగా కనిపిస్తే కాడ వంగిందన్నమాట, పారేయండి.

ముతక పనికి ముళ్లు ముళ్లుగా ఉండే టంగ్‌స్టన్ కార్బైడ్ బర్. అంచులు తీర్చడానికి పళ్లున్న కార్బైడ్ కట్టర్. నగిషీకి డైమండ్. డైమండ్ బర్‌తో మొదటి నుంచీ చెక్కుదామనుకుంటారు చాలామంది. దాని గరుకు సందుల్లో చెక్క పొడి నిమిషాల్లో నిండిపోతుంది, తర్వాత అది కోయదు, కాలుస్తుంది.

వేగం విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. 3 మిల్లీమీటర్ల బర్ 30,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకి సుమారు 4.7 మీటర్ల వేగంతో పోతుంది. 12 మిల్లీమీటర్ల బర్‌ని అదే 30,000లో పెడితే 19 మీటర్లకు దగ్గర పడుతుంది. 3 మిల్లీమీటర్ల బర్ కోసినట్టే అదీ కోయాలంటే 7,500 చాలు. పెద్ద బర్‌కి తక్కువ, చిన్న బర్‌కి ఎక్కువ. ప్యాకెట్ మీద రాసిన గరిష్ఠ వేగం దాటకూడదు, అది వేరే చెప్పక్కర్లేదు. చెక్క నల్లబడుతుంటే వేగం ఎక్కువైందా, బర్ మొద్దుబారిందా, పళ్లలో జిగురు పట్టిందా, ఒకేచోట ఆపి ఉంచారా అని ఈ వరుసలో చూసుకోండి. జిగురు పట్టిన కార్బైడ్ బర్‌ని మెషిన్ నుంచి విప్పి, కిరోసిన్‌లో కాసేపు నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో తోమితే శుభ్రపడుతుంది.

ఇప్పుడు ఇది జాగ్రత్తగా వినండి, చేతులు కోసుకునేది ఎక్కువగా ఇక్కడే. మెషిన్ వెనకనుంచి చూస్తే బర్ గడియారం ముళ్ల దిశలో తిరుగుతుంది. దాని అడుగు చెక్కకు తగలగానే అది కుడివైపుకి పరుగెత్తాలని చూస్తుంది. మీరూ కుడివైపుకే నడిపారంటే అది మీకంటే ముందు దూకుతుంది, గీత దాటి ఆకు మధ్యలోకో, కర్ర పట్టుకున్న చేతి మీదకో వెళ్తుంది. కుడి నుంచి ఎడమకు నడిపితే బర్ మీకు ఎదురు తిరుగుతున్నట్టుంటుంది, అదుపు మీ చేతిలో ఉంటుంది. ఒక అంచు ఎడమకి, రెండో అంచు కూడా ఎడమకే రావాలంటే ఏం చేయాలి? కర్రని తిప్పి పెట్టుకోవాలి. బద్ధకించి మెషిన్ దిశ మార్చకండి.

కర్ర ఒళ్లో పెట్టుకుని చెక్కొద్దు. రెండు చెక్క దిమ్మెలకు వి ఆకారంలో గాడి కోసి, గాడిలో పాత సైకిల్ ట్యూబు ముక్క అతికించి, బల్లకి బిగించండి. కర్ర జారదు, గీత పడదు, తిప్పుకోవడం సులువు. చున్నీ, కండువా, చీరకొంగు, జుట్టు, చేతికి దారాలు ఏవీ వేలాడకూడదు. వదులు నూలు గ్లవ్స్ అసలే వద్దు, పోగు చుట్టుకుంటే వేలు కూడా దానితో పోతుంది.

దుమ్ము గురించి. బర్ నుంచి వచ్చే పొడి రంపపు పొట్టు లాంటిది కాదు, కంటికి కనిపించనంత సన్నం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కలప దుమ్ముని మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. రోజ్‌వుడ్, టేకు దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, బల్ల పక్కనే దుమ్ము పీల్చే గొట్టం ఉండాలి. ఫ్యాన్ పెట్టుకుంటే చాలు అనుకోకండి, అది దుమ్ముని ఇల్లంతా పంచుతుంది.

ఇప్పుడు ఒక డిజైన్‌ని మొదటి నుంచీ చివరి దాకా చూద్దాం. అందరూ అడిగేది కర్రకు చుట్టుకున్న పాము. ఇది పైకి లేచే డిజైన్. పాము ఎత్తు 4 మిల్లీమీటర్లు కావాలి, లోపల మిగిలే కాండం 24 ఉండాలి. అంటే 24కి రెండువైపులా నాలుగు నాలుగు కలిపి 32 మిల్లీమీటర్ల కర్రతో మొదలుపెట్టాలి. 25 కర్ర తెచ్చి దాని మీద పాము చెక్కితే లోపల 17 మిగులుతుంది, అది ఊతం కాదు.

32 మిల్లీమీటర్ల కర్ర చుట్టుకొలత పది సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. 10 సెంటీమీటర్ల వెడల్పు, 45 పొడవు కాగితం తీసుకోండి. పొడవుని 15 చొప్పున మూడు భాగాలు చేసి, ప్రతి భాగంలో ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలు గీత గీయండి. కాగితం కర్రకు చుట్టి అతికిస్తే మూడు గీతలూ కలిసి మూడు చుట్లు తిరిగిన ఒకే గీత అవుతుంది. ఆ గీత అటూ ఇటూ పాము ఒంటి వెడల్పు వేసుకోండి: నడుం దగ్గర 18 మిల్లీమీటర్లు, తోకకు వచ్చేసరికి 8. పాము తల, కర్ర మెడ కింద వదిలిన ఐదు సెంటీమీటర్లలోకి రాకూడదు.

పాము అంచు వెంట 3 మిల్లీమీటర్ల గుండ్రటి కొన కట్టర్‌తో మొదటి కాలువ తీయండి. ఒకేసారి 4 మిల్లీమీటర్ల లోతుకి దిగొద్దు, మూడు విడతల్లో వెళ్లండి. కాలువ పూర్తయ్యాక చుట్లకు మధ్య మిగిలిన వెడల్పాటి చోటుని బర్‌తో తినేయాలని అనిపిస్తుంది. ఆ పని ఆకురాయితో చేయండి. నాలుగో వంతు సమయంలో అవుతుంది, చదునుగా వస్తుంది. బర్ పాముకు ఆనుకున్న సెంటీమీటరుకే.

లోపలి కాండం గుండ్రంగా, తిన్నగా వస్తోందా అని చూసేందుకు గట్టి అట్టలో 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధచంద్రాకారం కోసిపెట్టుకోండి. పెన్సిల్ పొడి దాని అంచుకి రాసి కర్ర మీద ఆనించి జరిపితే ఎత్తుగా ఉన్నచోట నల్లటి గుర్తు పడుతుంది. చాలా కర్రల్లో పాము బాగుంటుంది, దాని కింద కాండం మాత్రం వంకర పోయి ఉంటుంది. ఈ అట్టముక్క లేకపోవడమే కారణం.

పాము ఒళ్లు గుండ్రం చేసి, 120, 180, 240 నంబరు కాగితాలతో నునుపు చేసిన తర్వాతే పొలుసులు. ముందు పొలుసులు చెక్కి తర్వాత కాగితం రుద్దితే అంచులన్నీ అరిగి ముద్దగా అయిపోతాయి. పెన్సిల్‌తో ఏటవాలు గళ్లు గీసుకోండి, పాము మెడ దగ్గర 3 మిల్లీమీటర్లు, నడుం దగ్గర 5. ప్రతి గడి వెనక అంచు దగ్గర చిన్న డైమండ్ బర్‌ని తాకించి ముందుకు తేలుస్తూ తీయండి. లోతు అర మిల్లీమీటరు చాలు. తర్వాత నైలాన్ బ్రష్ తప్ప ఇంకేమీ తగలనివ్వకండి.

పిడి. అరచేయి ఆనే పైభాగం నున్నగా ఉండాలి. చెక్కినదంతా ముందు కొనకూ పక్కలకూ పరిమితం చేయండి. పొలుసుల మీద బరువు వేసి పది నిమిషాలు నడిస్తే అరచేతిలో అచ్చులు పడతాయి. పిడికి గ్రెయిన్ దాని పొడవు వెంట వెళ్లాలి. చిలక ముక్కు, ఏనుగు తొండం కిందికి వంగేచోట గ్రెయిన్ అడ్డం పడుతుంది, పడేసిన మొదటిసారే విరిగేది అదే. తొండాన్ని గాల్లో వేలాడనివ్వకుండా ఛాతీకి ఆనించి చెక్కండి.

పిడికీ కాండానికీ అతుకుకి ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల మర ఉన్న స్టీలు రాడ్డు, 11 సెంటీమీటర్లు: 5 పిడిలోకి, 6 కాండంలోకి. రంధ్రం 9 మిల్లీమీటర్లది, రెండు పక్కలా రాడ్డు కంటే కాస్త లోతుగా. ఇది చెక్కడానికి ముందే వేయాలి, తర్వాత కర్రని తిన్నగా బిగించడానికి చదును చోటు దొరకదు. మెడ దగ్గర 26 మిల్లీమీటర్లుంటే రంధ్రం చుట్టూ ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల గోడ మిగులుతుంది, సరిపోతుంది. నిదానంగా గట్టిపడే రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు వాడండి. ఐదు నిమిషాల రకం వద్దు, సర్దుకునే టైమివ్వదు. రాడ్డు పక్కన ఆకురాయితో పొడవునా ఒక సన్నటి గాడి గీయండి. అది లేకపోతే రాడ్డు దిగేకొద్దీ జిగురు, గాలి బయటికి పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరిగి కాండం నిలువునా చీలుతుంది. చాలాసార్లు ఆ చీలిక పాలిష్ అయ్యాకగానీ బయటపడదు. ఒక రోజంతా కదపకుండా ఉంచండి.

పాలిష్ విషయానికొస్తే, లక్క పాలిష్ చూడ్డానికి బాగుంటుంది కానీ పిడికి వద్దు. చెమటకి జిగటవుతుంది, చేతికి శానిటైజర్ రాసుకుని పట్టుకుంటే అందులోని ఆల్కహాల్ దాన్ని కరిగిస్తుంది. ఏటికొప్పాక లక్కరంగు వేద్దామా అని కొందరంటారు. అది లేత్ మీద తిరుగుతున్న చెక్కకు రాపిడి వేడితో పట్టేది, చెక్కిన పాము మీద పట్టదు. పీయూ (పాలీయురేథేన్) వార్నిష్ పల్చగా మూడు కోట్లు వేయండి, ప్రతి కోటు తర్వాత గాడుల్లో నిలిచినదాన్ని పొడి బ్రష్‌తో తీసేయండి. లేదా మరిగించిన అవిసె నూనె. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

కింది కొనకు మందుల షాపులో దొరికే రబ్బరు పొన్ను, లోపల స్టీలు వాషర్ ఉన్నది తీసుకోండి. లోపలి వ్యాసం 19 అయితే కొన మూడు సెంటీమీటర్ల మేర ఆకురాయితో సరిగ్గా 19కి తేండి. బిగుతుగా ఎక్కాలి, జిగురు పెట్టొద్దు, అరిగినప్పుడు మార్చుకోవాలి కదా. కర్ర ఎవరికైనా ఇచ్చే ముందు బాత్‌రూం తూకం మిషను మీద నిలబెట్టి, వాడే మనిషి బరువులో సగం చూపించేదాకా మెల్లగా నొక్కండి. తర్వాత కొంచెం వాల్చి నొక్కండి. టిక్కుమని వినిపిస్తే ఆ కర్ర గోడకే.

రాసిచ్చిన ప్రశ్నలు మూడున్నాయి. వెదురు మీద చెక్కవచ్చా? వెదురు బలమంతా బయటి పొరలోనే ఉంటుంది. చెక్కితే పోయేది అదే. కాల్చి బొమ్మ వేయండి, చెక్కకండి.

ఎర్రచందనం ముక్క ఒకరు ఇస్తామంటున్నారట. అటవీ శాఖ వేలం బిల్లు, రవాణా పర్మిట్ చూపిస్తే తీసుకోండి. అవి లేకపోతే చేతికర్రంత ముక్క అయినా ఇంట్లో ఉంచుకోవద్దు, కేసవుతుంది.

డ్రెమెల్ ఒక్కటే ఉంది, పాము చెక్కవచ్చా? చెక్కవచ్చు. ముతక పని ఆకురాయితో ఎక్కువ చేసుకోండి, పది నిమిషాలకోసారి మెషిన్ ఆపి చల్లారనివ్వండి, దాని మీద బలం వేసి నొక్కకండి. భోజనాల తర్వాత అడ్డగీత, ఏటవాలు గీత రెండూ ఒక్కో ముక్క మీద చెక్కి, దిమ్మెల మధ్య పెట్టి విరిచి చూద్దాం. మాస్కులు తలుపు దగ్గరున్న డబ్బాలో ఉన్నాయి.